నూకరత్నానికి చేరవెయ్యని మాట

ఒక మనిషికి చెప్పమని నాకు అప్పగించిన మాటని నేను చెప్పకుండా మింగేసేను. దాదాపు ఇరవై ఏళ్ళయింది. అది అరగలేదు. అన్నం ముందు కూర్చున్నా, మిషను తొక్కుతున్నా, గుడిలో దణ్ణం పెట్టుకుంటున్నా కడుపులో ఒక మూల బరువుగా కదులుతూనే ఉంది. మా ఆయన పోయేడు. ఆయనకి చెప్పలేదు. నా కూతురికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పేరు రాయను. పిరికితనమే అనుకోండి. అనకాపల్లిలో ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టే మనిషినని తెలిస్తే చాలు. ఇంటి ముందుగదే నా షాపు. గుమ్మానికి కర్టెను, లోపల మిషను, గోడకి నిలువుటద్దం. చదివింది పదో తరగతి. మా ఆయన బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని చేసేవాడు. ఎవరి జోలికీ పోని మనుషులమని మా వీధిలో పేరు. ఆ పేరు ఇప్పటికీ ఉంది. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంటుంది.

నాకు నలభై ఎనిమిదో ఏట నెలసరి ఆగిపోయింది. పీడా పోయిందనుకున్నాను. కానీ అసలు పీడ అప్పుడే మొదలైంది. మిషను మీద కూర్చుని ఉండగా ఉన్నట్టుండి గుండెల దగ్గర మొదలై, మెడ మీదుగా మొహంలోకి ఆవిరి కొట్టేది. ఫ్యాను కింద కూర్చున్నా జాకెట్టు తడిసి ముద్దయిపోయేది. ఎదురుగా కొలతలిస్తున్న మనిషి ఏమనుకుంటుందోనని సిగ్గు. రాత్రి నిద్ర లేదు, పగలు ఊరికే కోపం. ఒకసారి ఎవరిదో పట్టు ముక్క మెడ తప్పు కత్తిరించి, తప్పు కొలత ఇచ్చింది మీరేనని ఆవిడ మీదే పడి దెబ్బలాడేను.

నా దగ్గర కుట్టించుకునే ఒక టీచరుగారు నా అవస్థ చూసి, కల్యాణమండపంలో మీటింగుంది రమ్మని తీసుకెళ్ళింది. విశాఖపట్నం నుంచి బిళ్ళల కంపెనీ తరఫున ఒక మేడం వచ్చింది. ఈ వయసులో ఒంట్లోంచి ఏది తగ్గిపోతుందో, అది తగ్గితే ఆవిర్లెందుకొస్తాయో, ఎముకలెందుకు గుల్లబారతాయో చక్కగా చెప్పింది. హార్మోను మాత్రలు మంచివి కావని పేపర్లలో రాస్తున్న రోజులవి. తను తెచ్చిన బిళ్ళలు అలాంటివి కావు, సోయా చిక్కుడు గింజల్లోంచి తీసినవి, ఒంట్లో తగ్గినదాన్ని మొక్కే ఇస్తుంది అంది. మడమ పెడితే ఎముక బలం చూపించే చిన్న మిషను కూడా తెచ్చింది. నా చీటీలో గీత ఎర్రరంగు దగ్గరకొచ్చి ఆగింది. అక్కడికక్కడే బిళ్ళలు తీసుకున్నాను.

రెండు మూడు నెలలకి ఆవిర్లు తగ్గేయి. బిళ్ళల వల్ల తగ్గేయో, వాటంతటవే తగ్గేయో ఇవాళ చెప్పలేను. ఆరోజు మాత్రం చెప్పగలిగేను. గట్టిగా, అందరికీ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేను. మేడం నన్ను మెచ్చుకుని, బిళ్ళలు అమ్మిపెట్టే తమ మనిషిని చేసుకుంది. నా పేరు, దాని కింద 'ఆరోగ్య సలహాదారు' అని అచ్చేసిన బ్యాడ్జీ ఇచ్చింది. దాన్ని పమిటకి పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను.

డబ్బుకి ఆశపడ్డానని మీరు అనుకుంటారేమో. పడినా బాగుండేది, అది అందరికీ అర్థమయ్యే జబ్బు. ముప్ఫై ఏళ్ళు ఆడవాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని నడుం కొలతలు తీసేను. చేతులు పొట్టి, మెడ లోతు, ఎప్పుడిస్తావు, ఇంతకు మించి ఒక్కరూ నాతో మాట్లాడలేదు. ఇప్పుడు అదే ఆడవాళ్ళు కర్టెను వేసి, గొంతు తగ్గించి, మొగుళ్ళకి చెప్పని సంగతులు నాకు చెప్పి, ఏం చెయ్యమంటావని అడుగుతున్నారు. ఆ అడగడం నాకు బాగుండేది. చాలా బాగుండేది.

అలా అడిగినవాళ్ళలో నూకరత్నం ఒకతి.

ఆవిడ చేపలమ్మేది. పూడిమడక దగ్గర సముద్రం ఒడ్డున ఊరు. పొద్దున్నే తోటి ఆడవాళ్ళతో ఆటోలో దిగి, గంప నెత్తినెత్తుకుని మా వీధులన్నీ తిరిగేది. పదకొండయ్యేసరికి గంప ఖాళీ చేసుకుని మా గుమ్మంలో కూలబడి టీ తాగేది. మొగుడు లేడు. కొడుకు అప్పలరాజు వేటకెళ్తాడు. కోడలు దేవి, చిన్న పిల్ల, అప్పటికి చంటిబిడ్డ తల్లి. నూకరత్నం నాకంటే నాలుగేళ్ళు పెద్దదే అయినా నన్ను 'అప్పా' అని పిలిచేది. మా వైపు అప్ప అంటే అక్క. బిళ్ళలిచ్చే మనిషిని కాబట్టి పెద్దరికం నాకిచ్చేసింది.

నవ్వకుండా మాటాడ్డం ఆవిడకి రాదు. "సముద్రం మొగుడులాటిదప్పా, ఎంత తిట్టుకున్నా తెల్లారేసరికి దాని కాడికే ఎల్లాల" అనేది. కానీ మోకాళ్ళు పట్టేసి, గంప దింపుకోవడానికి గోడ పట్టుకునేది. నెలసరి ఆగి నాలుగేళ్ళయిందని చెప్పింది. ఎముకలు గుల్లబారేయన్నాను. బిళ్ళలిచ్చేను. రెండు నెలలయ్యేసరికి ఒక రోజు వీధి మధ్యలో గంప దింపి, "సూడప్పా" అని గొంతుక్కూర్చుని, దేన్నీ పట్టుకోకుండా లేచి చూపించింది. వీధిలో ఆడవాళ్ళందరూ నవ్వేరు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేయి.

ఈ సంగతి మేడంకి చెప్పేను. ఆవిడ ఎగిరి గంతేసింది. కార్తీకమాసంలో విశాఖపట్నంలో పెద్ద మీటింగుంది, ఆవిడని స్టేజీ ఎక్కిద్దాం, నువ్వే పరిచయం చెయ్యి అంది. నేను! మైకు ముందు! ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుని, మిషను తొక్కుతూ బట్టీ పట్టేను.

ఆ మీటింగు మూడు వారాలుందనగా ఒకరోజు నూకరత్నం తొమ్మిదింటికే వచ్చింది. గంపలో చేపలు సగానికి పైగా అలాగే ఉన్నాయి. లోపలికొచ్చి తనే కర్టెను లాగింది. మొహంలో నవ్వు లేదు.

మళ్ళీ రక్తం కనబడుతోందంది. మొన్న మరక. నిన్న గుడ్డ పెట్టుకోవాల్సొచ్చింది. ఇవాళా ఆగలేదు. నొప్పి లేదు, భయంగా మాత్రం ఉందంది. ఇక్కడే ఉండు, మేడంని కనుక్కొస్తానన్నాను. అప్పటికి మాకు ఫోను లేదు. వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గర రూపాయి బిళ్ళ వేసే ఫోనుండేది. అక్కడికెళ్ళి చేసేను.

ఇక్కడ నేను జాగ్రత్తగా రాయాలి. ఎందుకంటే ఇన్నేళ్ళుగా నా మనసు ఈ చోట ఎన్నో అబద్ధాలు అల్లుకుంది. మేడం సరిగ్గా చెప్పలేదని, నాకు సరిగ్గా వినబడలేదని, ఆ కంపెనీవాళ్ళే అంతని. ఆ బిళ్ళలమ్మేవాళ్ళ మీద తోసేస్తే అందరూ నమ్ముతారు. కానీ అది నిజం కాదు. మేడం మాట నాకు ప్రతి అక్షరం వినబడింది.

"బిళ్ళలు వెంటనే ఆపించు. ఆగిపోయాక మళ్ళీ రక్తం కనబడితే ఊరుకోకూడదు. ముందు లేడీ డాక్టరుకి చూపించుకోమను. ఆలస్యం చెయ్యొద్దను."

"మరి మీటింగో?" అన్నాను నేను.

చూసేరా. నా నోట్లోంచి ముందుగా ఊడిపడిన మాట అదీ. మీటింగుకి ఇంకెవరినైనా చూద్దాంలే అని ఆవిడ పెట్టేసింది.

కిళ్ళీకొట్టు నుంచి మా గుమ్మానికి పది పన్నెండు ఇళ్ళ దూరం. ఆ పది పన్నెండు ఇళ్ళు దాటుతూ నేను ఏమాలోచించేను? చాలాసార్లు గుర్తు చేసుకోడానికి చూసేను. స్టేజీ పోతుందనా? అవును. నేను బట్టీ పట్టిన కాగితం? అవును, అది కూడా. కానీ వాటికంటే లోపల ఇంకొకటుంది. ఆ రక్తం నా బిళ్ళల వల్లే వచ్చిందేమోనని భయం. డాక్టరు అడుగుతుంది, ఎవరిచ్చేరని. నూకరత్నం నా పేరు చెబుతుంది. వీధిలో అందరికీ తెలుస్తుంది, జాకెట్లు కుట్టుకునేదానికి ఈ వైద్యాలెందుకంటారు. మళ్ళీ నేను మోకాళ్ళ మీద కూర్చుని నడుం కొలుచుకునే మనిషినైపోతాను. ఆ ఒక్క భయంతో నేను మా గుమ్మం చేరేను. చేరేసరికి మాట మారిపోయింది.

నన్ను చూసి నూకరత్నం లేచి నిలబడింది.

"ఏటందప్పా మేడం?"

"ఫర్లేదంది."

"డాట్రు కాడికి ఎల్లమంటాదేమో అనుకున్నాను."

"అక్కర్లేదంది. మందు ఒంటికి పడుతోందట. లోపలి చెడంతా కడుక్కుపోతుందట. కొందరికి అలాగే అవుతుందట."

"మరయితే బిళ్ళలు మానెయ్యక్కల్లేదా?"

"మానకు."

"ఎన్నాల్లుంతాదప్పా ఇలాగ?"

"రెండు మూడు నెలలు." ఆ లెక్క నాకెక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు.

ఆవిడ మళ్ళీ కూర్చుంది. "ఇంట్లో సెప్పనా? బట్టలుతికేది కోడలు గదా. సూసేత్తాది."

"ఎందుకు? కొడుకున్న ఇల్లు. తలో మాటా అంటారు. ఎవరికీ చెప్పకు."

"అలాగయితే నా బట్టలు నానే ఉతుక్కుంతాను." అప్పుడు నవ్వింది. "బతికించేవప్పా. తెల్లారినకాడ్నించీ కాల్లూ సేతులూ ఆడనేదు."

గంప ఎత్తుకునే ముందు వద్దంటున్నా రెండు చేపలు తీసి నా గిన్నెలో వేసింది. ఆ మధ్యాహ్నం నేను పులుసు పెట్టేను. తిన్నాను. ఎలా తిన్నానని మీరడగొచ్చు. ఆకలేసింది, తిన్నాను.

మీటింగుకి తీసుకెళ్ళేను కూడా. మేడం నన్ను పక్కకి పిలిచి, "డాక్టరుకి చూపించేరా?" అని అడిగింది. "చూపించేం, ఏమీ లేదన్నారు" అన్నాను. ఒక అబద్ధానికి కాపలాగా రెండోది. ఆకుపచ్చ చీర కట్టుకుని నూకరత్నం స్టేజీ ఎక్కింది. నేను మైకు పట్టుకున్నాను. "నాకు మోకాల్లు పోయినాయనుకున్నాను బాబూ. ఈ అప్ప నాకు కాల్లిచ్చింది" అంది. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లలో నా చెవి దగ్గరకి వంగి, "తొరగా దిగుదామప్పా, గుడ్డ తడిసిపోతంది" అంది. ఇది ఊరికే తగ్గేది కాదని అప్పుడు నాకు తెలిసింది. తెలిసిందంటే, ఇంక తెలీదనుకోడానికి వీల్లేకుండా తెలిసింది. దిగేక ఆవిడని బాత్రూముకి తీసుకెళ్ళేను. తలుపు బయట నిలబడి, ఇప్పుడు చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాను. తలుపు తెరుచుకుంది. "పదప్పా, బస్సు పోతాది" అంది. పదమన్నాను.

మొదటి రోజు చెప్పకపోవడం ఒక తప్పయితే, రెండో రోజు చెప్పాలంటే మొదటి రోజుది కూడా ఒప్పుకోవాలి. మూడో రోజుకి ఇంకా కష్టం. నేను ఆ నెలలన్నీ ఇలాగే గడిపేను. ఎప్పుడు కనబడ్డా "ఆగిందా?" అనడిగేదాన్ని. "ఒకరోజు ఆగుతాది, మల్లీ వత్తాది" అనేది. "తగ్గిపోతుందిలే" అనేదాన్ని. ఆవిడ నమ్మేది. నా మాట మీద అంత నమ్మకం నాకే లేదు.

ఉగాది ముందు కొత్త అమావాస్యకి మా ఊళ్ళో నూకాలమ్మ జాతర వస్తుంది కదా, దానికి జాకెట్టు కుట్టమని గుడ్డ తెచ్చింది. టేపు పెట్టేను. పాత కొలత పుస్తకంలో ఉంది. చేతుల దగ్గర వేలెడు వదులు. భుజం ఎముకలు చేతికి తగులుతున్నాయి. పొట్ట దగ్గర మాత్రం పాత కొలతకి టేపు అందలేదు. మనిషి ఇలా ఒకచోట కరిగి, ఒకచోట పెరగడం మంచిది కాదని తెలుసుకోడానికి డాక్టరే కానక్కర్లేదు. టేపు పట్టుకున్న నా చేతికి తెలుసు. "సన్నబడ్డావే" అన్నాను. "మందు గునమేనా?" అంది. ఆ మాటకి నేను తలూపేను.

జాతర అయిన వారానికి నూకరత్నం రావడం మానేసింది. పది రోజులకి ఎండుచేపల గంప నెత్తినెత్తుకుని దేవి వచ్చింది. అత్త వాకిట్లో పడిపోయిందని, విశాఖపట్నం ఆసుపత్రిలో ఉందని చెప్పింది. మర్నాడే వెళ్ళేను.

ఎండాకాలంలో సర్కారు సముద్రంలో వేట ఆపించే రోజులు, అందుకని అప్పలరాజు తల్లి మంచం పక్కనే ఉన్నాడు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. గర్భసంచిలో పుట్టిన కేన్సరు పక్కలకి పాకిందని చెప్పింది. ఎన్నాళ్ళుగా రక్తం పోతోందని నూకరత్నాన్ని అడిగింది. ఆవిడ నావైపు ఒక్క క్షణం చూసింది.

"అయిదారు నెల్లమ్మా" అంది. "సిగ్గేసి నానే ఎవులికీ సెప్పనేదు."

వరండాలోకి వెళ్ళి డాక్టరమ్మని పట్టుకున్నాను. సోయా బిళ్ళలు వాడిందమ్మా, వాటి వల్ల వస్తుందా అని అడిగేను. బిళ్ళల వల్లే వచ్చిందని చెప్పలేం, అది ముందే మొదలై ఉండొచ్చు అంది. నా ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను. ఎందుకంటే ఆవిడ ఇంకా ఆగలేదు. "మొదటి మరకకే వచ్చుంటే చాలా మటుకు ఆపరేషన్‌తో బాగుపడేది. ఎవరైనా ఒక్కరు చెప్పాల్సింది" అంది.

లోపలికెళ్ళేసరికి అప్పలరాజు టీకి వెళ్ళేడు. నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది.

"నీ పేరు సెప్పనేదప్పా. నిన్నేటన్నా అంతారని. ఆ మేడంకి తెలిసుండదు, పాపం."

ఆవిడకి అప్పుడైనా చెప్పొచ్చు. మేడంకి తెలుసు, తెలిసే చెప్పింది, నేనే నీకు చెప్పలేదు అని. మంచంలో ఉన్న మనిషిని ఇంకా బాధపెట్టడం ఎందుకులే అనుకున్నాను. అలా అనుకోడం ఎంత సులువో చూడండి. చెయ్యి విడిపించుకుని బత్తాయిలు ఒలిచిపెట్టేను.

ఆషాఢంలో పోయింది.

పెద్దకార్యానికి వాళ్ళ ఊరు వెళ్ళేను. పాక ముందు టార్పాలిన్ కింద ఆడవాళ్ళు కూర్చున్నారు. దేవి బిడ్డని ఒళ్ళో వేసుకుని మూలగా ఉంది. మొదట ఎవరు మొదలెట్టేరో తెలీదు. ఒకింట్లో ఉండి అత్తకి రక్తం పోతుంటే కోడలికి తెలీదా అంది ఒకావిడ. తెలిసే ఊరుకుందంది ఇంకొకావిడ. దేవి ఏడుస్తూ, ఆవిడ బట్టలు ఆవిడే ఉతుక్కునేదని చెబుతోంది. ఎవరూ వినడం లేదు. అప్పలరాజు వచ్చి అందరి ముందూ, "నీ కల్లకేటయింది? మాయమ్మని నువ్వే సంపేసినావు" అన్నాడు. అప్పుడో ముసలావిడ నావైపు తిరిగింది.

"రోజూ నీ కాడే కూకునేది గదమ్మా. నీకేటైనా సెప్పిందేటి?"

దేవి తలెత్తి చూసింది. ఆ చూపులో ఆశ ఉంది. నేనొక్క మాట చెబితే బయటపడతానన్నట్టు చూసింది.

"నాకేమీ చెప్పలేదు" అన్నాను.

మొదటి తప్పుకి భయమని పేరు పెట్టుకోవచ్చు. దీనికేం పేరు పెట్టను?

అప్పలరాజు దేవిని పుట్టింటికి పంపేసేడు. ఏడాది దాకా తీసుకురాలేదు. నేను బిళ్ళల పని మానేసేను, ఉన్నవి కాలవలో పోసేను, బ్యాడ్జీ విరిచి పారేసేను. అదేదో ప్రాయశ్చిత్తమని మీకు చెప్పడం లేదు. ఆ పెట్టెలు ఇంట్లో కనబడుతుంటే నాకు ఊపిరాడేది కాదు, అంతే.

ఏడాది తర్వాత దేవి అత్త గంప ఎత్తుకుంది. మా వీధికే వచ్చింది. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. మా గుమ్మంలోనే కూర్చుని టీ తాగేది. దగ్గర దగ్గర ఇరవై ఏళ్ళు! మొగుడు తాగొచ్చిన రోజూ, తాగని రోజూ, కూరలో ఉప్పు ఎక్కువైనా, పిల్లకి జ్వరమొచ్చినా, చివరికి ఆ మాట దగ్గరకే వస్తాడని చెప్పేది. "మాయమ్మని సంపినదానివి" అంటాడట. నా ఎదుట చెప్పి ఏడ్చేది. నేను నీళ్ళిచ్చేదాన్ని. ఓదార్చేదాన్ని. నేను! ఆవిడ వెళ్ళిపోయాక మిషను తొక్కలేక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని.

మొన్న వేసవిలో ఒకరోజు దేవి కర్టెను వేసింది. నలభై దాటి ఆ వయసు దగ్గరకొచ్చేసింది, నేను గమనించనే లేదు. చీరకొంగుతో మెడ తుడుచుకుంటూ, "ఒల్లంతా ఆవిర్లు పెద్దమ్మా. మోకాల్లు కూడా పట్టేత్తన్నాయి. మా అత్తకి నువ్వేదో బిల్లలిచ్చీదానివంట గదా, బాగా పని సేసేయంట. అవి ఇంకా దొరుకుతాయేటి?" అంది.

మిషను ఆపేసేను.

చెప్పేను. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టేనో తెలీదు. ఫోను దగ్గర విన్నది, గుమ్మంలో చెప్పింది, స్టేజీ, టేపు, ఆసుపత్రి, పెద్దకార్యం, అన్నీ. అంతా విని ఆవిడ గంప దగ్గరకి లాక్కుంది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. లేచి, కర్టెను పక్కకి లాగి, వీధిలోకి చూస్తూ అంది.

"మా ఆయనికి సెప్పు. నాకు సెప్తే ఏటవుతాది? నాకు తెలుసు గదా నాను సెయ్యనేదని."

మర్నాడే బస్సెక్కేను. వెళ్ళేసరికి అప్పలరాజు వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. దేవి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మనలేదు, కూర్చోమనలేదు. నిలబడే చెప్పేను. రెండోసారి చెప్పడం సులువవుతుందనుకున్నాను. కాలేదు.

"డాట్రుకి సూపించమని సెప్పిందా ఆ మేడం?" అన్నాడు.

"చెప్పింది."

"ఎప్పుడు?"

"మొదట్లోనే. మీయమ్మ పడిపోడానికి అయిదు నెలల ముందు."

వల ఒళ్ళోంచి జారిపోయింది. నన్నేదైనా అంటాడని చూస్తున్నాను. ఆయన నావైపు చూడలేదు. పెళ్ళాం వైపు చూడబోయి, చూడలేక, తల దించుకున్నాడు. దేవి గుమ్మంలోంచి కదల్లేదు.

"ఇన్నావా?" అంది మొగుడితో. ఒక్కటే మాట. గట్టిగా కూడా అనలేదు.

నేనక్కడ ఉన్న సంగతి ఇద్దరూ మర్చిపోయేరు. వాళ్ళ మధ్య పోయిన ఇరవై ఏళ్ళని నేను తెచ్చివ్వలేను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అడిగితే అది కూడా వాళ్ళ నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టే. వెనక్కి తిరిగి ఇసుకలో నడుచుకుంటూ రోడ్డు మీదకొచ్చేసేను.

ఆ తర్వాత దేవి మా వీధికి రాలేదు. వేరే ఆవిడ వస్తోంది చేపలకి. దేవి బాగుందా, వాళ్ళింట్లో ఏమైంది అని ఆవిడని అడగాలనుంటుంది. అడగను. తెలుసుకునే హక్కు నాకు లేదు.

ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పాలి. ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. రెండు స్టాపులు దాటేయో లేదో నాకు నిద్ర పట్టేసింది. కలలేవీ లేని నిద్ర, ఒళ్ళు తెలీని నిద్ర. అలాంటి నిద్ర ఎన్నేళ్ళయిందో. అనకాపల్లి వచ్చిందమ్మా, దిగమ్మా అని కండక్టరు భుజం తట్టి లేపితే గానీ మెలకువ రాలేదు. అలా నిద్రపోయినందుకు సిగ్గుగా ఉంది. కానీ పట్టింది.